సినిమా సీమ వేరు, మన సీమ వేరు
‘మర్యాద రామన్న’ నవ్వుల వెనుక ఉన్న అసలు కథ

(మా గ్రామీణ విలేఖరి)

కర్నూలు: మన జిల్లా పేరు చెబితే హైదరాబాదులో అద్దెకు గది దొరకడం కష్టమని చదువులకు, కొలువులకు వెళ్ళిన మన పల్లెల పిల్లలు తరచుగా చెబుతుంటారు. ఇంటి యజమాని ముందుగా ఊరడుగుతాడు. కర్నూలు అనగానే ‘అమ్మో, బాంబులు తెచ్చుకోలేదు కదా’ అని నవ్వుతాడు. కొందరు తమాషాకే ఆ మాట అని తాళంచెవి చేతికిస్తారు. మరికొందరు మాత్రం గది నిన్ననే ఇచ్చేశామంటారు. హాస్టళ్ళలో మన కుర్రవాళ్ళకు ‘ఫ్యాక్షన్’ అన్నదే ముద్దుపేరు. పిల్లనిచ్చే సంబంధం వచ్చినప్పుడు సయితం అవతలివారు ఆస్తిపాస్తులు అడగకముందే ఊళ్ళో గొడవలున్నాయా అని అడుగుతారు.

వీళ్ళలో చాలామంది డోన్ ముఖమైనా చూసినవాళ్ళు కారు. ఆళ్ళగడ్డ ఏ దిక్కున ఉందో, ఆదోని ఏ దిక్కున ఉందో చెప్పలేరు. వారికి మన సీమను చూపించింది సినిమా. అందులోనూ నరుకుళ్ళ సినిమాల కంటే నవ్వుల సినిమాయే ఈ అభిప్రాయాన్ని మరింత లోతుగా నాటిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఆలోచిస్తే నిజమేననిపిస్తుంది.

కత్తుల మధ్య కామెడీ

2010 జూలైలో ‘మర్యాద రామన్న’ చిత్రం విడుదలైంది. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకుడు. హాస్యనటుడు సునీల్ కథానాయకుడు. మన పల్లెల్లో ఆ సినిమా చూడనివారు తక్కువ. టీవీలో వచ్చిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకున్నవాళ్ళమే. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డుల్లో ప్రజాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా దానినే ఎంపిక చేసింది.

కథ అందరికీ తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. రాము అనే కుర్రవాడు హైదరాబాదులో పాత సైకిలు మీద సరుకులు మోసి బతుకుతుంటాడు. ఆ సైకిలుకు నటుడు రవితేజ గొంతు అరువిచ్చాడు. ఆటో ఉన్నవాడికే పని అని యజమాని తేల్చిచెప్పేసరికి, సీమలోని సొంత ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి ఆటో కొనుక్కుందామని రైలెక్కుతాడు. రైల్లో ఒక అమ్మాయి పరిచయమవుతుంది. తీరా ఊళ్ళో అతిథిగా అడుగుపెట్టిన ఇల్లు ఆ అమ్మాయిదే. రాము తండ్రి చేతిలో చనిపోయినవాని ఇల్లూ అదే. ఆ ఇంటిపెద్ద రామినీడుకు ఒక నియమం ఉంది. గడప లోపల నెత్తురు చిందరాదు. గడప దాటితే మాత్రం వదిలేది లేదు. ఇక రాము ఏదో ఒక సాకు చెప్పి గడప దాటకుండా రోజులు నెట్టుకొస్తాడు. చంపవలసినవాళ్ళే దగ్గరుండి అన్నం వడ్డిస్తుంటారు. నవ్వంతా అక్కడే పుట్టింది.

సినిమాగా చూస్తే చక్కని సినిమా. అందులో సందేహం లేదు. అప్పటికే తొడలు కొట్టే కథానాయకులతో విసిగిపోయిన ప్రేక్షకులకు పిరికివాడు కథానాయకుడు కావడం చల్లని మజ్జిగ తాగినట్లయింది. అయితే ఆ ఊరు మన ఊరేనా అన్నదే ప్రశ్న.

ఊరు మనది, కథ అమెరికాది

కాదనే చెప్పాలి. ఆ కథ మన సీమలో పుట్టలేదు. 1923లో అమెరికాలో బస్టర్ కీటన్ అనే హాస్యనటుడు తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ అనే మాటల్లేని చిత్రం దానికి ఆధారం. అందులోనూ తండ్రి పాత పగలో చనిపోతాడు. పసిబిడ్డను దూరంగా న్యూయార్కు నగరంలో పెంచుతారు. పెద్దయ్యాక ఆస్తి వచ్చిందని ఉత్తరం అందుకుని రైలెక్కుతాడు. రైల్లో అమ్మాయి, పగవారింట్లో భోజనం, ఇంట్లో ఉన్న అతిథిని చంపరాదన్న నియమం, చివరకు ఏటి ప్రవాహంలో ప్రాణాపాయం, ఆపైన పెళ్ళి. వరుస తప్పకుండా అన్నీ ఉన్నాయి.

ఆ అమెరికా చిత్రానికీ ఒక నిజమైన పగ మూలం. కెంటకీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు కొండల్లో హాట్‌ఫీల్డు, మెకాయ్ అనే రెండు కుటుంబాల మధ్య పందొమ్మిదో శతాబ్దంలో ఏళ్ళ తరబడి హత్యాకాండ సాగింది. సినిమాలో పేర్లను కాస్త మార్చి కాన్‌ఫీల్డు, మెకే అన్నారు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ రెండు కుటుంబాలు కొట్టుకుంటున్న కాలంలో నగరాల నుంచి పత్రికల వాళ్ళు ఆ కొండలకు వెళ్ళి, అక్కడి జనమంతా తుపాకీ పట్టిన మొరటువాళ్ళేనని రాశారు. అదే కాలంలో ఆ కొండల్లోని బొగ్గు కోసం, కలప కోసం పెద్ద కంపెనీలు భూములు చేజిక్కించుకుంటున్నాయి. పత్రికల్లో జనాన్ని కదిలించినది తుపాకీ కథే కానీ భూమి కథ కాదు. కొండవాళ్ళంటే తాగుడు, తుపాకీ, మొండి పగ అన్న ముద్ర ఆ ప్రాంతం మీద ఈనాటికీ పోలేదు. అక్కడి బిడ్డలు కూడా నగరాలకు వెళ్ళి, మన పిల్లల్లాగే ఊరి పేరు చెప్పి మాటలు పడ్డవాళ్ళే.

‘మర్యాద రామన్న’ తరువాత ఆ కథ కన్నడం, బెంగాలీ, హిందీ, తమిళం, మలయాళం భాషలకూ వెళ్ళింది. 2012లో హిందీలో ‘సన్ ఆఫ్ సర్దార్’ పేరుతో తీసినప్పుడు ఊరిని పంజాబుకు మార్చారు. పంచె స్థానంలో తలపాగా వచ్చింది. కొడవలి స్థానంలో కృపాణం వచ్చింది. సిక్కులను ఎగతాళి చేసే మాటలున్నాయంటూ కొన్ని సిక్కు సంఘాలు అప్పట్లో అభ్యంతరం చెప్పాయి.

దీన్నిబట్టి తేలేదేమిటి? అమెరికా కొండవానికి కుట్టిన చొక్కానే కర్నూలువానికీ, పంజాబువానికీ తొడిగారు. ముగ్గురికీ సరిపోయింది. ఎందుకంటే ఆ చొక్కా ఎవరి కొలతలకూ కుట్టింది కాదు. నగరంలో కూర్చున్నవాడు దూరపు పల్లెను ఎలా ఊహించుకుంటాడో ఆ ఊహకు కుట్టింది.

ముందు భయం, ఆ తర్వాత నవ్వు

ఇంకో సంగతి. ఆ సినిమాలో కర్నూలు వైపు పల్లెకు పోతున్నాడనగానే హాలులో జనం నవ్వడానికి సిద్ధమవుతారు. అదే కథను ఏ గోదావరి గ్రామంలోనో పెడితే, ఇక్కడ ఇంతటి పగలెందుకున్నాయో ముందు చెప్పుకోవలసి వచ్చేది. మన దగ్గర ఆ అవసరం లేకపోయింది. అప్పటికి పదమూడేళ్ళుగా తెలుగు తెర ఆ పాఠం చెబుతూనే ఉంది.

1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’లో హైదరాబాదు కుర్రవాడు కర్నూలుకు వచ్చి ముఠా నాయకుని ఇంటి అమ్మాయిని ప్రేమిస్తాడు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’ వరుసగా ఘన విజయం సాధించాయి. ‘ఒక్కడు’తో కొండారెడ్డి బురుజు రాష్ట్రమంతటా తెలిసింది. కానీ ఒక చారిత్రక కట్టడంగా కాదు. కథానాయకుడు రౌడీల మధ్య నుంచి అమ్మాయిని తప్పించిన చోటుగా తెలిసింది. బురుజు చూడవచ్చేవాళ్ళు దాన్ని ఎవరు కట్టించారని అడగరు. సినిమావాళ్ళు ఎక్కడ నిలబడ్డారని అడుగుతారు.

ఈ చిత్రాలన్నీ కలిసి ఒక లెక్క తయారుచేశాయి. సీమ అంటే ఎర్రమట్టి రోడ్డు, గాలిలోకి లేచే సుమోలు, తెల్లబట్టల పెద్దమనిషి, ఆయన వెనుక యాభైమంది కొడవళ్ళవాళ్ళు. ‘మర్యాద రామన్న’ ఈ లెక్కను వెక్కిరించిందే కానీ కొట్టివేయలేదు. వెక్కిరింపు అర్థం కావాలంటే చూసేవాడు ముందుగా ఆ లెక్కను నమ్మి ఉండాలి. నరుకుడు సినిమా చూసినవాడు ఇదంతా సినిమా అనుకుని ఇంటికి పోతాడు. నవ్వుతూ విన్నమాటను మాత్రం ఎవరూ తరచి చూడరు. అది అలాగే మనసులో నిలిచిపోతుంది. అందుకే హైదరాబాదు ఇంటి యజమాని కోపంగా కాక నవ్వుతూ ఆ మాట అనగలుగుతున్నాడు.

లేదని ఎవరన్నారు?

అయితే న్యాయం రెండువైపులా చెప్పాలి. సీమలో ముఠా కక్షలు లేవని ఎవరూ అనరు. తరాల పర్యంతం సాగిన పగలున్నాయి. మగదిక్కు లేక మిగిలిన ఇళ్ళున్నాయి. పంట పీకేయడం, చీనీ చెట్లు నరికేయడం, సాక్ష్యం చెప్పినవాడు ఊరొదిలిపోవడం మనవాళ్ళు కళ్ళారా చూసినవే. సర్కారు కాంట్రాక్టులు, సారా పాటలు, పంచాయతీ ఎన్నికలు, నీటి వాటాలు ఈ కక్షలకు ఆజ్యం పోశాయి. ఇవన్నీ జరిగాయి.

కానీ సినిమా చెప్పినట్లు అది నెత్తురులో పుట్టిన గుణం కాదు. నీళ్ళు, పనులు కరువైన చోట కొద్దిమంది పెద్దలు అధికారం కోసం పెంచి పోషించిన వ్యవహారం. పోరులో ముందుండి ప్రాణాలు పోగొట్టుకున్నది కూలివాళ్ళు, చిన్నరైతులు. సినిమాలో కొడవలి పట్టి వెనుక నిలబడే యాభైమందికి పేర్లుండవు. ఇల్లుండదు, పెళ్ళాం బిడ్డలుండరు. కథానాయకుడు కొడితే ఎగిరిపడడమే వాళ్ళ పని. అసలు సీమలో ఆ యాభైమందే జనం. ఊళ్ళోకి శవం వచ్చాక ఏడ్చిన తల్లులు వాళ్ళ తల్లులే. ఆ ఏడుపు మీద హాస్యం పండదు కాబట్టి అది తెర మీదకు రాలేదు.

సేద్యం చేసేదెవరు?

ఇన్ని సినిమాలు వచ్చాయి కదా, ఒక్కదానిలోనైనా వేరుశనగ విత్తనం వేస్తున్న మనిషి కనిపించాడా అని ఊళ్ళో పెద్దలు అడుగుతారు. వాళ్ళు అడిగినదానిలో తప్పులేదు. పొలం సినిమాలో ఉంటుంది. పరుగెత్తడానికి, పట్టుకుని నరకడానికి ఉంటుంది. దానిలో పంట ఉండదు.

అనంతపురం వైపు ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అదనుకు వస్తే వచ్చినట్లు. మన జిల్లా పడమటి మండలాల పరిస్థితి అంతకంటే పెద్ద మెరుగు కాదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏడు ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు మిరపకోతలకు తరలిపోతారు. దీనినే మనవాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. ముసలివాళ్ళే ఊరికి కాపలా. చదువు మధ్యలో మానేసి అమ్మానాన్నల వెంట పోయే పిల్లలెందరో. సీమలో అసలు భయం ఇదీ. ఎవరు ఎప్పుడు నరుకుతారోనని కాదు, వాన ఎప్పుడు ఎగ్గొడుతుందోనని.

నవ్వులకు కూడా ఇక్కడ కొదవలేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రం దొరుకుతుందేమోనని జనం తలలు వంచుకుని నడిచే దృశ్యం చూడండి. పెట్టేబేడా సర్దుకుని పొరుగు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళున్నారు. ఒక్క రాయి దొరికితే అప్పులు తీరతాయన్న ఆశ. సాయంత్రానికి గులకరాళ్ళతో తిరుగుముఖం. దీనికంటే మంచి హాస్యచిత్రం ఏముంటుంది? నవ్వు వస్తుంది, వెంటనే కడుపు తరుక్కుపోతుంది. ఆదోని పత్తి మార్కెట్టు, బేతంచెర్ల బండలు, బనగానపల్లె మామిడి, ఇవన్నీ మనుషులు చెమటోడ్చే చోట్లే. అక్కడ బేరాలున్నాయి, మాటకారులున్నారు, మోసాలున్నాయి, మంచితనమూ ఉంది. కెమెరా అటు తిరగలేదు.

నిజం చెప్పాలంటే ‘మర్యాద రామన్న’లో మన పల్లెకు దగ్గరగా వచ్చిన సంగతి ఒక్కటుంది. అది కొడవలి కాదు. పట్నంలో బతుకు గడవక పిత్రార్జితం అమ్ముకుందామని ఊరికొచ్చిన రాము. అలాంటి రాములు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మెట్ట పొలం అమ్మి ఆటో కొన్నవాళ్ళు హైదరాబాదులో, బెంగుళూరులో ఎంతమందో. సినిమా ఆ సంగతిని రైలెక్కించడానికి వాడుకుని అక్కడితో వదిలేసింది.

యాస మీద పడ్డ మచ్చ

సినిమా చేసిన మరో అన్యాయం మన మాటకు. సీమ యాసను తెర మీద నిండుగా పలికినవాడు మన ఆళ్ళగడ్డ ప్రాంతపు బిడ్డ, 2020లో కన్నుమూసిన జయప్రకాశ్ రెడ్డి. ఆయన మాట వింటే రచ్చబండ మీద మాట విన్నట్లే ఉండేది. అది ఆయన గొప్ప. కానీ అదే యాసను సినిమావాళ్ళు పగబట్టినవాడికే కేటాయించారు. కథానాయకుడు సీమలో పుట్టినవాడైనా పుస్తకాల భాషే మాట్లాడతాడు. చంపేవాడు మాత్రం ‘యాడికి పోతాండావు’ అంటాడు. మనం ఆప్యాయంగా చుట్టాన్ని పలకరించే మాట, బయటివానికి బెదిరింపుగా వినిపించడం మొదలైంది. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలు యాస దాచుకుని మాట్లాడవలసిన గతి పట్టింది.

ఇది మన ఒక్కరి గోడు కాదు. గోదావరి వాళ్ళంటే వెటకారం, తెలంగాణ మాట అంటే రౌడీ లేదా నవ్వించేవాడు, శ్రీకాకుళం మాట అంటే పనిమనిషి అని తెలుగు సినిమా ఒక్కొక్క ప్రాంతానికీ ఒక్కొక్క వేషం కట్టింది. మనకు దక్కింది కొడవలి.

దారి లేకపోలేదు. 2021లో ‘సినిమా బండి’ అనే చిన్న చిత్రం వచ్చింది. కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే మనిషికి ఒక కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్ళంతా కలిసి సినిమా తీయాలనుకుంటారు. కథ అంతే. అందులో సరిహద్దు పల్లె యాస ఉంది, ఎండ ఉంది, కడుపుబ్బ నవ్వు ఉంది. కొడవలి లేదు. ఎవరూ కొరత అనలేదు. కథల విషయానికి వస్తే కేతు విశ్వనాథరెడ్డి, మధురాంతకం రాజారాం, సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటివారు సీమ బతుకును ఏనాడో రాసిపెట్టారు. సినిమావాళ్ళకు కథలు కరువన్నమాట అబద్ధం. అమెరికా దాకా పోయినవారికి అనంతపురం దూరం కాదు.

మన వంతు తప్పు

ఇదంతా సినిమావాళ్ళ మీదకే తోసి చేతులు దులుపుకుంటే సరిపోదు. సినిమా వేసిన వేషాన్ని మన కుర్రవాళ్ళే ఇష్టపడి కట్టుకుంటున్నారు. పెళ్ళి ఫ్లెక్సీల మీద సింహాలు, కొడవళ్ళు. పుట్టినరోజు కేకు కోయడానికి కత్తి బదులు వేటకొడవలి. మోటారు సైకిళ్ళ మీద ‘సీమ బిడ్డ’ రాతలు, కింద మీసం బొమ్మ. అభిమాన నటుడి సినిమా విడుదల రోజున తొడకొట్టడాలు. మనమే ఆ బొమ్మను గోడకు తగిలించి, చూసి నవ్వినవాడిని తప్పుపడితే ఎలా? తాత ముత్తాతలు ఆ కక్షల్లో ఏం పోగొట్టుకున్నారో ఆ ఇళ్ళలోని ముసలమ్మలను అడిగితే చెబుతారు. వాళ్ళెవరూ మీసం మెలేసి చెప్పరు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని చెబుతారు.

తీర్పు ఏమిటి?

మర్యాద రామన్న అన్నది మన పెద్దలు చెప్పే కథల్లో తగవులు తీర్చే తెలివిగల న్యాయాధికారి పేరు. ఎంతటి చిక్కు తగవు వచ్చినా ఇరువురి మాటా విని, ఎవరి సొమ్ము వారికి ఇప్పించేవాడట. అదే పేరు పెట్టుకున్న సినిమా మీద మనం తగవు తెచ్చామనుకోండి, ఆయన ఏమని తీర్పు చెప్పి ఉండేవాడు?

నవ్వించినందుకు సినిమాకు మెచ్చుకోలు దక్కవలసిందే. అతిథి మర్యాదను, గడప గౌరవాన్ని చూపినందుకూ దక్కవలసిందే. కక్ష పెంచుకోవడం కంటే ప్రేమించడం మేలని చివరకు చెప్పినందుకు తప్పక దక్కవలసిందే. అయితే ఆ నవ్వు కోసం మన ఊరి పేరును అరువు తీసుకున్నారు. ఆ అరువుకు వడ్డీ మాత్రం హైదరాబాదులో గది దొరకని కుర్రవాడు కడుతున్నాడు. పెళ్ళి సంబంధం తప్పిపోయిన ఆడపిల్ల కడుతున్నది. అరువు తీసుకున్నవారు తీర్చవలసిన పద్ధతి కూడా సులువే. ఈసారి సీమకు వచ్చినప్పుడు గాలిలోకి లేచే బండ్లను వదిలి, సుగ్గి నుంచి తిరిగొచ్చే బండ్లను చూపించండి. నవ్వించండి, మేమూ నవ్వుతాం. మా యాసను మంచివాడి నోట కూడా పలికించండి.

మన కుర్రవాళ్ళకు కూడా ఒక మాట. పట్నంలో ఎవరైనా ‘బాంబులున్నాయా’ అని అడిగితే మీసం మెలేయవద్దు, తలా దించుకోవద్దు. మా ఊళ్ళో వాన లేదు, పని లేదు, అందుకే మీ ఊరొచ్చాను అని ఉన్నమాట చెప్పండి. ఆ సంగతి వాళ్ళకు ఇప్పటిదాకా ఏ సినిమా చెప్పలేదు.